తప్పు కల్వానిది కాదు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: తాతయ్య, పిన్ని, బాబాయి, వాళ్ల కూతురు బుడంకాయ, నేను. తాతయ్య కిడ్నీలో రాయిని కూడా కలుపుకుంటే ఆరు. దాన్ని లెక్కలోంచి తీసేయాలా వద్దా అన్నదే ఆ రోజంతా నడిచిన గొడవ.

తాతయ్య అంటే అమ్మకీ పిన్నికీ నాన్న. కొత్త ఇళ్లలో గచ్చులకు పాలిష్ పట్టి పట్టి, మోకాళ్లు మొరాయించాక మానేశాడు. ఊళ్లో ఉండగా నడుము పక్క నొప్పి అంటే పిన్ని తన దగ్గరికి రప్పించి ఆసుపత్రిలో చూపించింది. రాయి కిడ్నీలోంచి జారి మూత్రం దిగే గొట్టంలో అడ్డం పడిందని, ఆపరేషన్ చేసి తీస్తామని డాక్టరు చెప్పాడు. ఈలోగా దానంతట అదే బయటికి వచ్చేస్తే ఆపరేషన్ అక్కర్లేదని కూడా చెప్పాడు. ఆ రెండో మాట తాతయ్య ముందు అనకుండా ఉండాల్సింది.

నాకు సెలవులు కాబట్టి అమ్మ నన్ను తోడు పంపింది. "తాతయ్యని నీ చేతుల్లో పెడుతున్నా. నోరు తెరవాల్సి వస్తే తెరువు," అంది బస్సు దగ్గర. అమ్మకు నా సంగతి తెలుసు. బళ్లో హాజరు పిలిచినప్పుడు నా గొంతు పైకి వచ్చేలోపు టీచరు తర్వాతి పేరుకు వెళ్లిపోయేవారు. ముందు బెంచీలో కూర్చుని కూడా నేను చాలాసార్లు బడికి రాలేదు.

మర్నాడు పొద్దున ఆపరేషన్. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేరాలి. పిన్ని సంచీ సర్దుతోంది. బాబాయి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. బుడంకాయ పక్కింటి వాళ్లు ఇల్లు కట్టడానికి పోయించిన ఇసక కుప్పలో ఆడి, ఆ కుప్పలో సగం హాల్లోకి తెచ్చింది. నేను ఊడుస్తున్నాను. అప్పుడు తాతయ్య స్నానాలగదిలోంచి వచ్చి, అరచెయ్యి చాచి హాలు మధ్యలో నిలబడ్డాడు.

"వచ్చేసింది," అన్నాడు.

ఆసుపత్రిలో ఒక గుడ్డ జల్లెడ ఇచ్చారు. మూత్రం ఎప్పుడూ దాంట్లోంచే పోయాలి, రాయి పడితే దొరుకుతుందని. మొదటి రోజు అది కనబడకపోతే బుడంకాయ వంటింట్లోంచి టీ వడపోసేది తెచ్చి తాతయ్యకు ఇచ్చింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ టీ అడగడం లేదు. మొత్తానికి ఇప్పుడు గుడ్డ జల్లెడలో పడిన రాయి తాతయ్య అరచేతిలో ఉంది. కందిగింజంత, గోధుమరంగులో, ఒక పక్క కోసుగా.

పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంది. బాబాయి ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలేసి వచ్చాడు. బుడంకాయ తాతయ్య పొట్టకేసి చూసి, "ఇంకా ఏమేం వస్తాయి?" అంది.

పిన్ని వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసింది. పడిపోతే సంతోషమే, అయినా ఒకసారి వచ్చి స్కాన్ తీయించుకోండి, రానట్టయితే సాయంత్రంలోగా చెప్పండి, ఆ వరస ఇంకొకరికి ఇస్తాం అన్నారు.

"స్కానెందుకే? చుట్టం వెళ్లిపోయాక గదులన్నీ వెతుకుతారా?" అన్నాడు తాతయ్య.

తర్వాత పిన్ని అమ్మకు ఫోన్ చేసింది. ఫోను పక్కన నేనే ఉన్నాను కాబట్టి రెండు పక్కలా వినబడింది.

"అక్కా, నాన్నకి రాయి పడిపోయిందే!"

"హమ్మయ్య. ఇకనైనా అన్నిట్లో టమాటా వెయ్యడం మానెయ్. అందుకే పుట్టింది అది."

"నాన్న మా ఇంటికొచ్చి ఎన్నాళ్లయింది? రాయి పుట్టింది మీ ఊళ్లో. పెరిగింది మీ ఇంట్లో. ఇక్కడికి పురిటికొచ్చింది, అంతే."

"మా పాలకూరలో రాళ్లుండవమ్మా."

"మా టమాటాల్లో మాత్రం ఉంటాయా?"

అప్పుడు బాబాయి గొంతు సవరించుకున్నాడు. "దీనికి పోట్లాటెందుకు? అది ఏ రాయో తెలిస్తే ఏం మానాలో తెలుస్తుంది. రాయి ఇవ్వండి మామయ్యగారూ. మా మెషిన్లో పెడితే మధ్యాహ్నానికి తేలిపోతుంది."

బాబాయి ఒక ప్రయోగశాలలో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ మెషిన్ నడుపుతాడు. ఏ పొడి ఇచ్చినా అందులో ఏ స్ఫటికం ఉందో అది చెబుతుంది. ఆ ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఇంట్లో వస్తువులన్నీ ఒక్కొక్కటే దాని ముందుకు వెళ్లొచ్చాయి. వాళ్లింట్లో ఉప్పు ఉప్పేనని, పంచదార పంచదారేనని రుజువైంది. పిన్ని ముఖానికి రాసుకునే పౌడరు దర్జీ గుడ్డ మీద గీసే సుద్దముక్క లాంటిదేనని తేలింది. ఆ సంగతి బాబాయి భోజనాల దగ్గర బయటపెట్టాడు. ఆ పూట వాళ్లిద్దరూ నా ద్వారా మాట్లాడుకున్నారు. పిన్ని ఆ మెషిన్‌ని 'నా సవతి' అంటుంది. ఫోన్ చేసినప్పుడు కూడా, "ఇంటికి ఎప్పుడొస్తారు? సవతి వదిలిందా లేదా?" అని అడుగుతుంది.

తాతయ్య గుప్పిట మూశాడు. "పోయినదానికి పేరెందుకయ్యా?"

"మళ్లీ రాకుండా చూసుకోవాలి కదండీ."

"నేను దాచుకుందామనుకున్నా."

"పొడి చేశాక మిగిలిన ముక్క తెచ్చిస్తాను."

బాబాయి చెయ్యి చాచే ఉన్నాడు. పెళ్లయినప్పటినుంచి ఆయన మావగారిని ఏమీ అడగలేదట. మొదటిసారి అడిగింది ఈ రాయి. అల్లుడు అడిగితే కాదనడం ఎలాగో తాతయ్యకు తెలియలేదు. గుప్పిట తెరిచాడు. అప్పటికి చొక్కా వీపు మీద ఇస్త్రీపెట్టె తన ముద్ర తాను వేసుకుంది. బాబాయి వేరే చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. సెలవుల్లో నేను వారంలో సగం ఆ ప్రయోగశాలలోనే, మూలనున్న స్టూలు మీద కూర్చునేదాన్ని. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. అందుకని నాకు బాగుండేది.

మెషిన్ బీరువా అంత ఉంటుంది. ముందు అద్దాల తలుపు, పైన నారింజరంగు దీపం. దీపం వెలిగినంతసేపూ లోపల ఎక్స్‌రేలు ఉన్నట్టు. ఆసుపత్రిలో ఎముకల్ని చూసేవీ ఇవీ ఒక జాతివే, కానీ ఇది బొమ్మ తీయదు. మొదటిసారి బాబాయి చెప్పినప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత మా ఊరి బస్సు గుర్తొచ్చింది. బస్సు చేను పక్కనుంచి పోతుంటే మొక్కలన్నీ గజిబిజిగా కనిపిస్తాయి. ఒక్కోచోట, సరిగ్గా ఒక వాలులో, వరసలు ఒక్కసారిగా విచ్చుకుని చివరిదాకా దారి కనబడుతుంది. మళ్లీ మూసుకుపోతుంది. స్ఫటికంలో అణువులు అలాగే వరసల్లో ఉంటాయి. మెషిన్ తన కిరణాన్ని కొంచెం కొంచెంగా వాలు మారుస్తూ పంపుతుంది. వరసల మధ్య ఎడానికి సరిపోయిన వాలు దగ్గర మాత్రమే కిరణం బలంగా తిరిగి వస్తుంది. అక్కడ తెరమీద ఒక గీత నిటారుగా లేస్తుంది. ఏ గీత ఎన్ని డిగ్రీల దగ్గర లేచిందో చూస్తే అది ఏ స్ఫటికమో తెలిసిపోతుంది. ఒకదాని గీతలు ఇంకొకదానికి ఉండవు. బాబాయికి చెబితే, "నాకు ఇన్నాళ్లు ఎవరూ ఇలా చెప్పలేదే," అన్నాడు. నేను ఆ రోజంతా మళ్లీ మాట్లాడలేదు.

రాయిని మెత్తగా నూరడం నా పని. అక్కడ మందులు నూరే కల్వం లాంటిదే చిన్నది ఉంది. అగేట్ అనే రాతితో చేసింది, నున్నగా, లోపల మేఘాల్లా చారలు. పొడి ముఖానికి రాసుకునేంత మెత్తగా రావాలని బాబాయి నియమం. గరుకుగా ఉంటే గింజలన్నీ ఒకే పక్కకు తిరిగి పడుకుంటాయి, గీతల ఎత్తులు హెచ్చుతగ్గులవుతాయి.

"కిడ్నీ రాళ్లు సుద్దలా ఉంటాయి, ఇట్టే నలుగుతాయి," అన్నాడు బాబాయి.

గుండుతో ఒక్క దెబ్బ వేశాను. రాయి ఎగిరి బల్ల కిందికి పోయింది. ఇద్దరం నేలమీద పాకుతూ టార్చి వేసి వెతికాం. "మామయ్యగారికి చెప్పకు," అన్నాడు బాబాయి బల్ల కిందినుంచి. దొరికాక కాగితంలో చుట్టి సుత్తితో కొడితే రెండు ముక్కలైంది. ఒక ముక్క చిన్న సీసాలో వేసి పక్కన పెట్టాడు. రెండోది నాకిచ్చాడు. నేను నూరాను. కూర్చుని నూరాను, నిలబడి నూరాను. అది కసకసమంటోంది తప్ప లొంగడం లేదు.

"మీ తాతయ్య రాయి కదా, మొండిది," అన్నాడు బాబాయి మెచ్చుకోలుగా.

చివరికి పొడి అయింది. అప్పటికి నా అరచేతిలో బొటనవేలి మొదట్లో బొబ్బ లేచింది. బాబాయి పొడిని పలకలో ఉన్న గుంటలో నింపి, గాజుముక్కతో సమం చేసి, లోపల పెట్టి తలుపు వేశాడు. దీపం వెలిగింది.

"చూస్తూండు. పాలకూర రాయి అయితే పదిహేను దగ్గర మొదటి గీత లేస్తుంది. మీ అమ్మ ఓడిపోతుంది."

పదిహేను వచ్చింది, పోయింది. తెరమీద గీత నేలకు అంటుకునే ఉంది.

"తొందరేం లేదు," అన్నాడు బాబాయి మెషిన్‌తో.

ఇరవై దాటాక ఒక చిన్న గీత లేచింది. ఇరవయ్యారున్నర దాటాక తాడిచెట్టులా ఒకటి లేచింది, తెర సరిపోక అంకెలన్నీ కుదించుకుపోయాయి. బాబాయి కుర్చీలోంచి లేచాడు. చాలాసేపటి తర్వాత, అరవై ఎనిమిది దగ్గర ఐదు చిన్న గీతలు చేతివేళ్లలా పక్కపక్కన వచ్చాయి. బాబాయికి ఆ ఐదు వేళ్లూ బాగా తెలిసినవే. అయినా కంప్యూటరును అడిగాడు. అది తన దగ్గరున్న లెక్కలేనన్ని గీతల్లో వెతికి ఒకే పేరు చెప్పింది: క్వార్ట్జ్.

బాబాయి తెరకేసి చూశాడు. కల్వం కేసి చూశాడు. తర్వాత నాకేసి చూశాడు.

"ఎంత గట్టిగా నూరావే?"

"మెత్తగా రావాలన్నావుగా బాబాయ్."

"ఈ కల్వం దేంతో చేశారో తెలుసా? అగేట్. అగేట్ అంటే ఏంటి? అది కూడా క్వార్ట్జే. నువ్వు రాయిని నూరలేదే, కల్వాన్ని నూరావు!"

నేను కల్వంలోకి చూశాను. అది ఎప్పటిలాగే ఉంది. అంత ఖరీదైనదాన్ని నిజంగానే అరగదీశానేమోనని లోపలంతా వేలితో తడిమి చూశాను. బాబాయి వెళ్లి, మావగారి రాయి సంగతీ రేపటి ఆపరేషన్ సంగతీ చెప్పి మేడమ్‌ను పిలుచుకొచ్చాడు. ప్రయోగశాల అంతటికీ ఆవిడే పెద్ద. పొట్టిగా ఉంటారు, కళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకుని వాటికోసం వెతుకుతుంటారు.

"మా అమ్మాయి కొత్తదండీ. కల్వం అరగదీసింది," అన్నాడు బాబాయి.

మేడమ్ నావైపు చూసి, "పర్వాలేదమ్మా, నీ వయసులో నేను ఇంతకంటే పెద్దవే పగలగొట్టాను," అన్నారు. అది ఇంకా ఘోరంగా అనిపించింది.

అప్పుడు నాకొక సందేహం వచ్చింది. అడిగాను.

"ఆఁ?" అన్నాడు బాబాయి.

మళ్లీ అడిగాను.

"ఏమంటోంది?" అన్నారు మేడమ్.

"ఏమోనండీ, పెదాలు కదులుతున్నాయి."

నేను కళ్లు మూసుకుని అడిగాను. "కల్వం పొడి వచ్చిందంటే వచ్చింది. మరి రాయి పొడి ఎక్కడికి పోయింది? రాయి గీతలు కూడా ఉండాలి కదా?"

కళ్లు తెరిచేసరికి ఇద్దరూ తెరకేసే చూస్తున్నారు. ఉన్న గీతలన్నీ క్వార్ట్జ్‌వే. పక్కన పిసరంత కూడా ఇంకేమీ లేదు.

"మిగిలిన ముక్క ఉందా?" అన్నారు మేడమ్. "దాన్ని ఈ కల్వంలో వెయ్యకండి. ఇనుపదాంట్లో దంచండి."

ఇనుప కల్వంలో బాబాయే దంచాడు. అది గరుకుగానే వచ్చింది. మళ్లీ పలక, మళ్లీ తలుపు, మళ్లీ దీపం. ఈసారి గీతల ఎత్తులు అడ్డదిడ్డంగా ఉన్నాయి. అవి లేచిన చోట్లు మాత్రం అవే. చివర్లో ఐదు వేళ్లూ అక్కడే ఉన్నాయి. కల్వం ఏ పాపం ఎరగదు.

మేడమ్ కళ్లద్దాలు నెత్తిమీంచి కిందికి దించుకున్నారు. "ఇది మీ మావగారి లోపల తయారైంది కాదు. బయట దొరికింది. అంటే అసలుది ఇంకా లోపలే ఉండి ఉంటుంది. మూత్రానికి అడ్డం పడి ఉంటే ఆ కిడ్నీ ఎంతోకాలం ఓర్చుకోదు. ఇవాళే చెప్పండి. రేపటి ఆపరేషన్ మాత్రం మానిపించకండి."

"చెప్తామండీ," అన్నాడు బాబాయి. 'చెప్తాం' అన్నది నాకు అప్పుడే నచ్చలేదు.

స్కూటరు మీద ఇంటికి బయలుదేరాం. సిగ్నలు దగ్గర ఆగాక బాబాయి, "నువ్వు చెప్పు," అన్నాడు.

"నేనా?"

"నేను అల్లుణ్ణి. 'మీరు అబద్ధం చెప్పారు' అని మావగారితో ఎలా అంటాను? ఒకసారి అన్నానంటే అది మా ఇద్దరి మధ్యా మూడో మనిషిలా ఎప్పటికీ కూర్చునే ఉంటుంది. నీది మనవరాలి నోరు. ఏమన్నా చెల్లుతుంది."

నోట్లోంచి బయటికి వస్తే కదా చెల్లడానికి, అనుకున్నాను.

ఇంటికి వెళ్లాక బాబాయి పిన్నిని వంటింట్లోకి తీసుకెళ్లి గుసగుసగా చెప్పాడు. పిన్ని గరిట చేత్తో పట్టుకునే కూలబడింది. కాసేపటికి తేరుకుని, "నేను చెప్పలేనండీ," అంది. "చెబుతూ ఏడుస్తాను. నేను ఏడిస్తే నాన్న 'సరే తల్లీ' అంటాడు. నాన్న 'సరే తల్లీ' అన్న పని ఈ జన్మలో ఒక్కటీ చెయ్యలేదు."

"నేను చెప్తా! నేను చెప్తా!" అంది బుడంకాయ బల్ల కిందినుంచి. అది ఎప్పుడు దూరిందో ఎవరూ చూడలేదు. పిన్నీ బాబాయీ దానికేసి ఒక్క క్షణం ఎక్కువసేపే చూశారు. తర్వాత సిగ్గుపడి నాకేసి తిరిగారు.

తాతయ్య పెరటి మెట్లమీద కూర్చుని ఉన్నాడు. నడుముకు ఆనించి తువ్వాలు ఉంది. తువ్వాలు కింద వేడినీళ్ల సంచీ ఉంది. రాయి పడిపోయినవాళ్లకు వేడినీళ్ల సంచీతో పనిలేదు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. మెట్టుమీద ఒక చీమ వెళ్తుంటే అది గోడ ఎక్కేదాకా చూశాను.

"ఏమంటుంది మీ బాబాయి మెషిన్?" అన్నాడు తాతయ్య.

"క్వార్ట్జ్ అంటుంది."

"అంటే? మంచిదేనా?"

"పలుగురాయి తాతయ్యా. ఇసక."

తాతయ్య తల ఊపాడు, ఎవరో ఎరిగినవాళ్ల పేరు విన్నట్టు. "మనిషికి అది పుట్టదా?"

"పుట్టదంట."

"నేను బతుకంతా ఇసకలోనే ఉన్నాను కదే. కొంచెం కొంచెం లోపలికి పోయి, అక్కడ గడ్డకట్టి ఉండొచ్చు."

"పోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడికి పోదు."

"ఇదంతా వాడు నీకు చెప్పి పంపించాడా?"

"లేదు. ఇది మా సైన్సు పుస్తకంలోదే."

తాతయ్య నడుము దగ్గర తువ్వాలు సర్దుకున్నాడు. తర్వాత, దొంగ పని గురించి కాకుండా పని గురించి మాట్లాడుతున్నట్టు, మామూలుగా చెప్పాడు. "మొదట పాలరాయి ముక్క తీసుకుందామనుకున్నా. గచ్చుల్లో వేసేది. నా పాత సంచీలో ఉన్నాయి. కానీ దానిమీద నిమ్మరసం పడితే నురుగొస్తుంది. మీ బాబాయి దేనిమీదైనా ఏదో ఒకటి పోసి చూసే రకం. అందుకని ఇసక కుప్ప దగ్గర కూర్చుని ఏరాను. ఏం పోసినా చలించనిది, గట్టిది. మంచిదే ఏరాను."

"మంచిదే," అన్నాను.

"మెషినుందని తెలుసు గానీ, ఇసకని కూడా గుర్తుపడుతుందనుకోలేదే. ఇసకని ఎవరు అడుగుతారు?"

తాతయ్య గొంతు తగ్గించాడు.

"వెనక ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి నేనే గచ్చు పట్టాను. నీళ్లు ఒక మూలకి పోయేలా వాటం పెట్టమన్నారు. వంటిల్లా ఇది, వాటమెందుకు అన్నాను. రోజూ కడగాలి కదా అన్నారు. ఏం కడుగుతారు? అని నేనడగలేదు. మోకాళ్లమీద కూర్చుని ఆ వాటం పెట్టాను చూడు, చేత్తో తడిమి తడిమి. ఆ మూల నా కళ్లముందే ఉందే ఇప్పటికీ. అక్కడ పడుకోమంటే నా వల్ల కాదు."

నేను తాతయ్య చెయ్యి పట్టుకుందామా అనుకుని, నా చెయ్యి నా ఒళ్లోనే పెట్టుకున్నాను.

"నువ్వో పని చెయ్యి," అన్నాడు తాతయ్య. "మెషిన్ ఏదో పాడైందను. లేకపోతే పొడి కలిసిపోయిందను. మీ బాబాయి ఊఁ అంటాడు, వాడికీ అదే కావాలి. మీ పిన్ని ఊఁ అంటుంది. మెల్లగా ఆ రాయి దానంతటదే పోతుంది. నీళ్లు బాగా తాగుతాను. చెప్తావు కదూ?"

"చెప్పను."

అంత పెద్దగా అన్నది నేనేనా అని పక్కకు చూశాను. తాతయ్య కూడా చూశాడు. పక్కింటి ఇసక దగ్గరున్న మేస్త్రీ కూడా ఇటు తిరిగాడు.

"ఎందుకు చెప్పవు?" అని తాతయ్య ఇంకేదో అనబోయి, మధ్యలో ఆగిపోయాడు. మెట్ల పక్క ఇనుప కడ్డీ పట్టుకున్నాడు. పైపెదవి మీద చెమట పట్టింది. కడ్డీ మీద వేళ్లు తెల్లబడ్డాయి. అది తగ్గేదాకా ఇద్దరం కదల్లేదు.

"కాలు తిమ్మిరెక్కింది," అన్నాడు తర్వాత.

"పొడి కలిసిపోయిందని ఇందాకే అన్నారు తాతయ్యా. నేను కల్వం అరగదీశానన్నారు. పెద్ద మేడమ్ దగ్గర కూడా చెప్పారు. మళ్లీ ఇంకో ముక్క దంచి చూశారు. తప్పు కల్వానిది కాదని తేలింది."

"నువ్వు నూరావా?"

"ఊఁ."

"నువ్వా? వాడు నూరుకోవచ్చుగా. ఏదీ, చెయ్యి చూపించు."

చూపించాను. తాతయ్య నా అరచేతిని వెలుతురుకు తిప్పాడు. బొబ్బ అప్పటికి పగిలి, చర్మం కింద ఎర్రగా ఉంది. చుట్టూ బొటనవేలితో నొక్కి చూశాడు, గచ్చు ఎండిందో లేదో చూసినట్టు. ఆయన అరచేతుల్లో అదే చోట, బొటనవేలి మొదట్లో, గట్టిపడిన కాయలు ఉన్నాయి.

"గుప్పిట్లో బిగించి పట్టుకున్నావు. అలా పట్టుకోకూడదు. వదులుగా పట్టుకుని బరువు భుజం నుంచి వెయ్యాలి. ఎవరూ చెప్పలేదా?"

"లేదు."

"ఎంతసేపు నూరావు?"

"అది నలిగేదాకా."

"అది నలగదే పిచ్చిదానా," అన్నాడు తాతయ్య. "నలగకూడదనే కదా ఏరింది."

నా చెయ్యి వదల్లేదు. పక్కింట్లో ఎవరో పారతో ఇసక కలుపుతున్న చప్పుడు. తాతయ్య తువ్వాలు అంచుతో బొబ్బమీది మట్టి దులిపాడు. అక్కడ మట్టి ఏమీ లేదు.

"మొత్తానికి తప్పు నీమీద వేశారన్నమాట," అన్నాడు.

"కాసేపే."

"ఫోన్ ఇలా తే."

తెచ్చాను. నంబరు నేనే నొక్కి ఇచ్చాను. అవతల ఎవరో ఎత్తగానే తాతయ్య లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు అలాగే నిలబడతాడు. "అమ్మా, రేపు పొద్దున ఆపరేషను. గొట్టంలో రాయి. ఆఁ, నేనే. పడిపోయిందని చెప్పారా? లేదమ్మా, పడలేదు. అది వేరే రాయి. ఎక్కడిదంటే ఏం చెప్పను, పక్కింటిది. ఆఁ, సాయంత్రం వస్తున్నాం. ఆ వరస ఎవరికీ ఇవ్వకండి." ఫోన్ చెవి దగ్గరనుంచి తీసి, మళ్లీ పెట్టుకుని, "ఇదిగో అమ్మా, మత్తు కొంచెం ముందే ఇమ్మనండి. గదిలోకి తీసుకెళ్లకముందే," అన్నాడు. అవతలివాళ్లు ఏమన్నారో నాకు వినబడలేదు. తాతయ్య మాత్రం మూడుసార్లు తల ఊపాడు.

తర్వాత కడ్డీ పట్టుకుని మెట్లెక్కి, హాలు దాటి, ముందుగదిలోకి నడిచాడు. నేను వెనకే వెళ్లాను, పడతాడేమోనని. ముందుగదిలో పిన్ని ఒక పక్కా బాబాయి ఒక పక్కా కూర్చుని, ఒకే పేపరు చెరో పేజీ పట్టుకుని చదువుతున్నట్టు ఉన్నారు. బాబాయి పేజీ తలకిందులుగా ఉంది. తాతయ్యను చూడగానే ఇద్దరూ లేచారు.

"కూర్చోండి," అన్నాడు తాతయ్య. "మీకో మాట చెప్పాలి. అల్లుడుగారూ, ముఖ్యంగా మీకు."

పిన్ని అప్పుడే ఏడవడం మొదలుపెట్టింది. నేను గడప మీద నిలబడ్డాను. తాతయ్య వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"నువ్వు వెళ్లి ఆ చేతికి ఏదైనా రాసుకోపో," అన్నాడు. "ఇది నువ్వు వినేది కాదు."

"నాకు తెలుసుగా తాతయ్యా."

"తెలిస్తే మరీ వినకూడదు," అని నా ముఖం మీదే తలుపు వేసేశాడు.